ఏమవ్వాలో తెలియనప్పుడు ఏం చదవాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే మొదలవుతుంది. ఎదురింటి ఆంటీ, ఊళ్లో పెదనాన్న, పెళ్లిలో పక్కన భోజనానికి కూర్చున్న పెద్దాయన, అందరిదీ ఒకటే ప్రశ్న: "తర్వాత ఏంటమ్మా?" "ఇంకా ఏమీ అనుకోలేదండీ" అన్నామా, అవతలివాళ్ల ముఖం మారిపోతుంది. ఆ ముఖాలు చూడలేక చాలామంది పిల్లలు నోటికొచ్చిన కోర్సు పేరు చెప్పేస్తారు. పదిమందికి చెప్పాక వెనక్కి తీసుకోవడం కష్టమై, చివరికి ఆ కోర్సులోనే చేరిపోతారు.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ" అని ఉన్నమాట చెప్పే పిల్లల కోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. డాక్టరే కావాలని ఎనిమిదో తరగతి నుంచీ పట్టుదలగా ఉన్నవాళ్లు దీన్ని వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

మీ రెండేళ్ల ఇంటర్ ఎలా గడిచిందో ఒకసారి గుర్తు చేసుకోండి. పొద్దున్నే స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం వారం టెస్టు, టెస్టు అయ్యాక ర్యాంకుల జాబితా. ఆ రెండేళ్లలో ఒక్కరోజైనా కోర్టు హాల్లో కూర్చున్నారా? ఒక ఫ్యాక్టరీ లోపలికి అడుగుపెట్టారా? పత్రికాఫీసులో రాత్రి పేజీలు ఎలా పెడతారో, పశువుల ఆస్పత్రిలో ఉదయం ఏం జరుగుతుందో చూశారా? ఏ పనీ దగ్గర్నుంచి చూడనివ్వకుండా చదివించి, ఇప్పుడు ఏ పని చేస్తావని అడిగితే పదిహేడేళ్ల పిల్లలు ఎక్కణ్నుంచి చెబుతారు? మీకు తెలిసినవల్లా ఇంట్లోవాళ్లు చేసే ఉద్యోగాలు, సినిమాల్లో హీరో చేసేవి, అమెరికాలో బావ చేసేది. ఇందులో మీ తప్పేమీ లేదు.

అందుకే మీ మీద మోపిన ప్రశ్నను ముందు రెండు చేయండి. జీవితంలో ఏమవుతాను అన్నది ఒకటి. వచ్చే మూడు నాలుగేళ్లు ఏం చదువుతాను అన్నది రెండోది. ఈ వేసవిలో జవాబు చెప్పాల్సింది రెండోదానికి మాత్రమే. రెంటినీ కలిపి అడుగుతుంటారు కాబట్టే గుండె దడ.

ఏ దారి మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు?

చదువుకీ ఉద్యోగానికీ ఉన్న ముడి అన్ని కోర్సుల్లో ఒకేలా ఉండదు. కొన్నింట్లో అది చాలా గట్టిది. ఎంబీబీఎస్ చదవకుండా డాక్టర్ కాలేరు. నర్సింగ్, ఫార్మసీ, పశువైద్యం, ఆర్కిటెక్చర్ కూడా అంతే. ఆ చదువు చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటేనే ఆ పని చేయనిస్తారు. మిగతా చాలా ఉద్యోగాలకు ఈ ముడి లేదు, ఉన్నా వదులుగా ఉంటుంది. సివిల్ సర్వీసెస్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. గ్రూప్-1, గ్రూప్-2లో ఎక్కువ పోస్టులకూ, బ్యాంక్ పీఓకీ, కేంద్ర ప్రభుత్వోద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షలో చాలావాటికీ అంతే. ఐసెట్ రాసి ఎంబీఏలో చేరడానికీ, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరడానికీ మీరు బీఏ చేశారా బీఎస్సీ చేశారా అని ఎవరూ అడ్డు చెప్పరు. సీఏ ఫౌండేషన్ ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవాళ్లయినా రాయొచ్చు. అది రాయకపోయినా, డిగ్రీలో కామర్స్ వాళ్లకు 55 శాతం, మిగతావాళ్లకు 60 శాతం మార్కులుంటే నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఇవన్నీ డిగ్రీ అయ్యాక, ఇరవై ఒకటో ఏట తీరిగ్గా తేల్చుకోదగ్గవి. వాటి గురించి ఇప్పుడు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది మ్యాథ్స్ సంగతి. ఇంటర్‌లో మ్యాథ్స్ వదిలేసినవాళ్లకు ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, ఎన్‌డీఏలో నేవీ, ఎయిర్‌ఫోర్స్ విభాగాలు దూరమవుతాయి. డిగ్రీలో కూడా వదిలేస్తే స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ దాదాపు చేజారినట్టే. ఎకనామిక్స్‌లో పైచదువులు కూడా ఇబ్బందే, ఎందుకంటే ఎంఏ స్థాయికి వెళ్లేసరికి ఆ సబ్జెక్టు నిండా లెక్కలే ఉంటాయి. చరిత్ర, సాహిత్యం, రాజనీతిశాస్త్రం ముప్పైయ్యో ఏట కూడా సొంతంగా కూర్చుని చదువుకోవచ్చు. లెక్కలు మధ్యలో నాలుగేళ్లు వదిలేసి మళ్లీ పట్టుకోవడం మాత్రం మహా కష్టం. కాబట్టి మ్యాథ్స్ అంటే ప్రాణం పోయేంత భయం లేకపోతే, ఏమవ్వాలో తేలనివాళ్లు దాన్ని ఏదో ఒక రూపంలో ఇంకో మూడేళ్లు చేతిలో ఉంచుకోవాలి. బీఎస్సీ ఎంఎస్‌సీఎస్ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్), బీఏలో ఎకనామిక్స్‌తో మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్, ఏదైనా సరే. ఈ పుస్తకం మొత్తంలో నేను ఇంత గట్టిగా చెప్పే సలహాలు తక్కువ.

బయాలజీ సంగతి కొంచెం మారింది. నీట్‌కు బయాలజీ తప్పనిసరే. అయితే ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా విడిగా పాసైనవాళ్లనూ అనుమతిస్తామని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది. ఇక బీఫార్మసీకి ఎంపీసీ, బైపీసీ రెండు గ్రూపుల వాళ్లూ అర్హులే.

వెంకటరామన్ రామకృష్ణన్ సంగతి ఇక్కడ చెప్పాలి. తమిళనాడు చిదంబరంలో పుట్టిన ఆయన 1971లో బరోడాలో ఫిజిక్స్ బీఎస్సీ చేసి, అమెరికా వెళ్లి 1976లో ఫిజిక్స్‌లోనే పీహెచ్‌డీ పూర్తిచేశారు. అప్పుడు అనిపించింది ఆయనకు, తాను చేయాల్సింది బయాలజీ అని. డాక్టరేట్ చేతిలో ఉండగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో మళ్లీ విద్యార్థిగా చేరి, బయాలజీ మొదట్నుంచీ నేర్చుకున్నారు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణాన్ని కనిపెట్టినందుకు 2009లో మరో ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలో. మీకూ నోబెల్ వస్తుందని చెప్పడానికి ఇదంతా రాయలేదు. గమనించాల్సింది ఒకటుంది. రైబోజోమ్ ఆకారం తెలుసుకోవాలంటే దాన్ని స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి లెక్కగట్టాలి. ఆ పనికి ఫిజిక్స్, మ్యాథ్స్ కావాలి. ఆయన వదిలేశాననుకున్న చదువు కొత్త చోట అక్కరకొచ్చింది. కోర్సు తేల్చుకోలేనప్పుడు ఇలా వెంట వచ్చే సబ్జెక్టులవైపు మొగ్గడం మంచిదంటాను.

సిలబస్ తెరిచి చూడండి

కోర్సుల గురించి మనవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే, "స్కోప్ ఉందా?" అని. లోపల ఏముందని అడిగేవాళ్లు తక్కువ. పెళ్లికి ముందు అబ్బాయి జీతం మాత్రమే కనుక్కుని మనిషిని చూడకపోవడం లాంటిది ఇది. మూడేళ్లపాటు రోజూ కూర్చోవాల్సింది స్కోప్‌తో కాదు, ఆ పాఠాలతో.

ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర, ఏ యూనివర్సిటీ అయినా డిగ్రీ సిలబస్‌ను వెబ్‌సైట్‌లో పెడుతుంది. మనసులో ఉన్న రెండు మూడు కోర్సులవి దించుకోండి. మొదటి సంవత్సరం పేజీలు దాటి రెండో సంవత్సరానికి వెళ్లండి. మొదటి ఏడాదిలో అన్నీ ఇంటర్‌కు కొనసాగింపులాగే ఉంటాయి. అసలు సబ్జెక్టు రెండో ఏడాది నుంచి బయటపడుతుంది. తర్వాత కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాల దుకాణాలకు వెళ్లి ఆ సబ్జెక్టు పుస్తకం ఒకటి కొనండి. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు అక్కడ తక్కువ ధరకే దొరుకుతాయి. పాత ప్రశ్నపత్రం ఒకటి పక్కన పెట్టుకోండి.

ఎకనామిక్స్ ఉదాహరణ తీసుకుందాం. టీవీలో బడ్జెట్ చర్చలు ఆసక్తిగా చూసే అమ్మాయి, ఎకనామిక్స్ అంటే ఇదే కదా అనుకుని పుస్తకం తెరుస్తుంది. అందులో ఉదాసీనతా వక్రరేఖలు. ఒక మనిషి దగ్గర కొన్ని రొట్టెలు, కొన్ని పళ్లు ఉన్నాయి. రెండు రొట్టెలు తగ్గితే ఎన్ని పళ్లు ఎక్కువిస్తే అతనికి అంతే తృప్తి ఉంటుంది? ఆ తృప్తి మారని బిందువులన్నీ కలుపుతూ గీత. ఆ గీత మీద బడ్జెట్ రేఖ. రెండూ ఎక్కడ తాకుతాయో అక్కడ అతని ఎంపిక. బడ్జెట్ చర్చకీ దీనికీ పొంతనే లేదని ఒకరికి అనిపిస్తుంది, పుస్తకం మూసేస్తారు. ఇంకొకరు పెన్సిల్ తీసుకుని, రొట్టె ధర పెరిగితే గీత ఎటు జరుగుతుందో తామే గీసి చూస్తారు. ఎవరూ చెప్పకుండా పెన్సిల్ తీసుకున్నవాళ్లు ఆ కోర్సులో చేరొచ్చు. మిగిలినవాళ్లకు జరిగిన నష్టం ఒక మధ్యాహ్నం, ఒక పాత పుస్తకం ఖరీదు.

సైకాలజీలో మనుషుల మనసులు చదవడం నేర్పుతారనుకుని చేరేవాళ్లకు స్టాటిస్టిక్స్ పేపర్ ఎదురవుతుంది. బీఎస్సీ కంప్యూటర్స్‌లో యాప్‌ల తయారీ కన్నా ముందు సీ లాంగ్వేజీలో పాయింటర్లు వస్తాయి. మైక్రోబయాలజీలో ఎక్కువ సమయం ల్యాబ్‌లో పోతుంది, గంటల తరబడి నిలబడి, చిన్న పొరపాటు జరిగితే వారం పని మళ్లీ చేయాలి. ఇవేవీ చెడ్డవి కావు. చేరకముందే తెలియాల్సినవి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల్లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉంటాయి. ఒక సబ్జెక్టులో మూడు పాఠాలు వరసగా వినండి. నాలుగోది వినాలనిపించిందో లేదో మీకే తెలిసిపోతుంది.

"ఏమీ తెలియకపోతే సీఎస్‌ఈ తీసుకో"

ఈ మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. వెనకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగాలు ఎన్ని కుటుంబాలను పైకి తెచ్చాయో మన కళ్లముందే ఉంది. కానీ "తెలియకపోతే" అన్నదానికి "అయితే సీఎస్‌ఈ" అన్నది జవాబు కాదు. ప్రోగ్రామింగ్ నెల రోజులు రోజూ కాసేపు చేసి చూడండి. పైథాన్ ఫోన్‌లో కూడా రాయొచ్చు. ఎర్రర్ వచ్చి అరగంటైనా కదలనప్పుడు మీకు చిరాకు వస్తుందా, వదలబుద్ధి కాదా? రెండోదైతే సీఎస్‌ఈ మీకు సరైన చోటే, ధైర్యంగా చేరండి. మొదటిదైతే, మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి, అప్పు చేసి ఆ సీటు కొనడం మాత్రం వద్దు. ఒకప్పుడు ఎంసీఏ సీటు దొరికితే వీధంతా స్వీట్లు పంచేవాళ్లు. తర్వాత చాలా కాలేజీల్లో ఆ సీట్లు నింపడమే కష్టమైంది. నాలుగేళ్ల తర్వాత కంపెనీలు ఎవరిని తీసుకుంటాయో ఈ రోజు ఖాయంగా చెప్పగలిగినవాళ్లు లేరు.

ఈ విషయం ఇంట్లో ఎలా మాట్లాడాలన్నది పెద్ద సమస్య. ఒక ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఇలా నడిచిందనుకోండి.

"మామయ్య కూడా అదే అన్నాడమ్మా, సీఎస్‌ఈ అయితే ఎక్కడైనా బతకొచ్చని. నీకేమో ఏదీ తెలీదంటావు. మరి అందులో చేరితే ఏం పోయింది?"

"సీఎస్‌ఈ వద్దనట్లేదు నాన్నా. నెల్రోజుల్నుంచి పైథాన్ చేస్తున్నా, నాకు పడట్లేదు. ఇదిగో చూడు, స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ చదివితే ఏయే పరీక్షలు రాయొచ్చో రాశాను. బ్యాంకు, గ్రూప్స్, సీజీఎల్, ఎమ్మెస్సీ, ఎంబీఏ. ఫీజు కూడా రాశాను."

"డిగ్రీ అంటే నలుగురూ ఏమనుకుంటారో..."

"మూడేళ్లయ్యాక ఏమనుకుంటారో చూద్దాం నాన్నా. ఈ పాత ప్రశ్నపత్రం చూడు, ఆరో ప్రశ్న దాకా నేనే చేశాను."

"నాకు తెలీదు" అని చేతులు ముడుచుకుంటే నాన్నకు మిగిలేది భయమే. ఒక కాగితం, చేసిన లెక్కలు చూపిస్తే మాట్లాడుకోవడానికి ఏదో దొరుకుతుంది. తల్లిదండ్రులు ఈ పేజీ చదువుతుంటే వాళ్లకూ ఒక విన్నపం. ఆ కాగితం చూసేదాకా ఆగండి. మీ అమ్మాయి ఎంత ఆలోచించిందో అందులో కనిపిస్తుంది.

లాంగ్‌టర్మ్ గురించి ఒక్క మాట. ఏం చేయాలో తేలలేదు కాబట్టి నీట్ లాంగ్‌టర్మ్‌లో చేర్చడం చాలా ఇళ్లలో జరుగుతోంది. లాంగ్‌టర్మ్ డాక్టర్ కావాలని గట్టిగా ఉన్నవాళ్ల కోసం. అయోమయంలో ఉన్న పిల్లల్ని ఇంకో ఏడాది అదే గదిలో కూర్చోబెడితే అయోమయం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఆలోచించుకోవడానికి సమయం ఇచ్చే చదువులు

ఒకే కోర్సు ఉన్న చిన్న కాలేజీ కన్నా, పది రకాల విభాగాలున్న పెద్ద క్యాంపస్‌ను ఎంచుకోమంటాను. పక్క విభాగం పిల్లలతో మెస్‌లో కూర్చుని తింటూనే చాలా తెలుస్తుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. సైన్సులు, ఎకనామిక్స్, భాషలు, చరిత్ర అన్నీ ఒకే ప్రాంగణంలో. ప్రవేశం కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా. ఈ పరీక్ష సంగతి మన పల్లెల్లో పిల్లలకు ఇంకా సరిగా చేరడం లేదు, అందుకే పేరు పెట్టి చెబుతున్నాను.

రాష్ట్ర యూనివర్సిటీల డిగ్రీల్లోనూ ఈ వెసులుబాటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్ చదివే పద్ధతి తెచ్చారు. తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' ద్వారా ప్రవేశాలు జరుగుతున్నాయి, సబ్జెక్టుల కలయికలు చాలా ఉన్నాయి. నియమాలు ఏటా కొంత మారుతుంటాయి, ఈ ఏడాదివి చూసుకోండి. రెండో సబ్జెక్టు ఎంచుకునే అవకాశం దొరికినప్పుడు అది మొదటిదానికి దూరంగా ఉండేలా చూసుకోండి. కెమిస్ట్రీ మేజర్‌కి ఎకనామిక్స్, తెలుగు సాహిత్యానికి కంప్యూటర్స్. ఒకటి నచ్చకపోతే రెండోదాని మీద నిలబడొచ్చు.

ఇంకొకటి. ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీలో చేరడానికి జేఈఈ అక్కర్లేదు. వాళ్లే పెట్టే అర్హత దశ దాటితే చాలు. ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ, ఏ మెట్టు దగ్గర ఆగినా ఆ మేరకు సర్టిఫికెట్ ఇస్తారు. ఊళ్లో కాలేజీలో బీకాం చదువుతూ దాన్నీ చేసే వీలుంది. కష్టమే, కానీ కంప్యూటర్లు పడతాయో లేదో లక్షల ఫీజు కట్టకుండా తేల్చుకునే మార్గం.

చేరాక మారాలనిపిస్తే? మారొచ్చు, కాకపోతే తేదీలు చూసుకోవాలి. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. అదే ఆదేశంలో ఫీజు వాపసు లెక్క కూడా ఉంది. ప్రవేశాల చివరి తేదీ తర్వాత 15 రోజుల్లోపు వెళ్లిపోతే 80 శాతం, 30 రోజుల్లోపు అయితే సగం, ఆ తర్వాత ఏమీ రాదు. ఇంజనీరింగ్ కాలేజీలకు ఏఐసీటీఈ నియమాలు విడిగా ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేరినవాళ్లు, కోర్సు మారితే ఆ సాయం కొనసాగుతుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. టీసీ తీసుకున్నాక అడిగితే ఉపయోగం లేదు.

కోర్సుల్ని చూసినట్టే పనుల్నీ చూడండి, ఈ సెలవుల్లోనే. మండల కేంద్రంలో పశువుల డాక్టర్ దగ్గరికి ఒక ఉదయం వెళ్లండి. ఎనిమిదింటికే గేదెల్ని తోలుకుని రైతులు నిలబడి ఉంటారు. ఒక గేదె ఈనలేక బాధపడుతుంటే ఆయన భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి పెడతాడు. అది అయ్యాక మేకలకు టీకాలు. మధ్యాహ్నం రిజిస్టర్లు రాయడం, పై ఆఫీసుకు లెక్కలు పంపడం. ఎవరినైనా అడగాల్సిన ప్రశ్న "జీతమెంత సార్?" అన్నది కాదు. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు సార్?" అని అడగండి. లాయర్‌నీ, ఆడిటర్‌నీ, స్కూలు టీచర్‌నీ, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అక్కనీ ఇదే అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు ఏ పని దగ్గర మీకు ఇంకా వినాలనిపించిందో రాసి పెట్టుకోండి.

ఇక వెబ్ ఆప్షన్లు. మీకు నచ్చిన వరసలోనే పెట్టండి, వస్తుందనుకున్న వరసలో వద్దు. ర్యాంకుకు అందదేమో అనిపించిన కోర్సును పైన పెట్టినంత మాత్రాన కిందివాటికి నష్టమేమీ ఉండదు. అది రాకపోతే సీటు తర్వాతి ఆప్షన్‌కు వెళ్తుంది, అంతే. చేరడం ఇష్టంలేని కోర్సును మాత్రం జాబితాలో అసలు పెట్టొద్దు, వస్తే చిక్కు. మీ పాస్‌వర్డ్, ఓటీపీ ఏ కాలేజీ ప్రతినిధికీ ఇవ్వకండి. సీట్లు నింపుకోవడానికి పిల్లల పేరుతో ఆప్షన్లు తామే పెట్టేసేవాళ్లున్నారు. నెట్ సెంటర్‌కు వెళ్లినా మీరే కూర్చుని ఒక్కొక్క ఆప్షన్ కోడ్ కాగితంతో సరిచూసుకోండి. సేవ్ చేశాక ప్రింట్ తీసుకోండి. చివరి రోజు సాయంత్రం సర్వర్ మొరాయిస్తుంది, ఒకరోజు ముందే పూర్తిచేయండి.